వంగపండు రంగు చీర, పసుపు అంచు

చేతిపనులు చూడాలని, నేర్చుకోవాలని, బొమ్మలు గీసుకోవాలని సంచి వీపున తగిలించుకొని ఊళ్ళు తిరిగే పిల్లలు ఈమధ్య మా పుదుచ్చేరికి చాలామంది వస్తున్నారు. వైట్ టౌన్‌లో ఏ వీధి మలుపులో చూసినా ఒకరు అరుగు మీద కూర్చొని ఎదుటి గోడనూ, దాని మీద పాకిన కాగితపు పూల తీగనూ గీస్తుంటారు. సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడు నేను వాళ్ళ వెనక కాసేపు నిలబడతాను. నేను చూసేది బొమ్మను కాదు, కాగితాన్ని. మిషను కాగితమైతే నడక సాగిస్తాను. చేతికాగితమైతే ఇంకాస్త ఆగుతాను. ఉద్యోగం పోయింది గాని ఆ చూపు పోలేదు. పిల్లలూ, అలా ఆగినప్పుడల్లా మీ వయసు పిల్ల ఒకతె గుర్తుకొస్తుంది. ఇది ఆమె సంగతి.

నేను చేతికాగితం తయారుచేసే ఒక చిన్న కార్ఖానాలో సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యాను. కిరుమాంబాక్కం వైపు మా కుటుంబానికి ఒకప్పుడు చూపు ఆనినంత పొలం ఉండేది. నా దాకా వచ్చేసరికి ఇంటిపేరు మిగిలింది, నిటారుగా కూర్చునే అలవాటు మిగిలింది, తాతగారు పట్టుబట్టి నేర్పిన తెలుగు అక్షరాలు మిగిలాయి. మా వైపు తెలుగు మాట్లాడే ఇళ్ళు ఎన్నో ఉన్నా చదవగలిగేవాళ్ళు తక్కువ. అందుకని ఆ మూడో ఆస్తిని నేను కాస్త గర్వంగానే దాచుకున్నాను. సారం అనే పేటలోని అద్దె ఇంటి నుంచి సైకిల్ మీద పనికి వెళ్ళేవాణ్ణి. ఇస్త్రీ చొక్కా లేకుండా ఏ రోజూ గేటు దాటలేదు. వెనక అందరూ నన్ను 'స్కేలు' అనేవారని తెలుసు. కాగితాల అంచులు కోయడానికి వాడే ఇనుప స్కేలు ఎప్పుడూ నా బల్ల మీద ఉండేది. దానికీ నాకూ పెద్ద తేడా లేదని వాళ్ళ ఉద్దేశం.

చేతికాగితానికి గుడ్డ చాలు. బనియన్లు కుట్టే కంపెనీల్లో కత్తిరించగా మిగిలిన కొత్త నూలు పీలికలు మాకు మూటలుగా వచ్చేవి. ఆడవాళ్ళు వాటిని ఏరి ముక్కలు చేసేవారు. ఆ ముక్కలు బీటరు అనే తొట్టిలో నీళ్ళతో కలిసి తిరిగి తిరిగి మెత్తని గుజ్జయ్యేవి. ఆ గుజ్జును మరో తొట్టిలో పలచగా కలిపి, అడుగున జల్లెడ ఉన్న చట్రాన్ని ముంచి ఎత్తితే, నీళ్ళు జారిపోయి ఒక కాగితం మిగులుతుంది. పని గురించి మీరు తెలుసుకోవలసింది ఇంతే. ఒక్క వాడుక మాత్రం చెప్పాలి. గట్టి కుట్లు, పట్టీలు, అంచులు బీటరులో నలగవు. కాగితంలో ఉండలు కడతాయి. అందుకని వాటిని ముందే కోసి పక్కన పెడతారు. అలా కోసిన అంచులు ఏరే ఆడవాళ్ళవి. ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు. దూది దుమ్ము పడకుండా తలకు గుడ్డ చుట్టుకొని, అది జారకుండా పైన ఆ పట్టీ కట్టుకునేవారు. ఎవరి తలకు ఏ రంగు పట్టీ ఉందో చూస్తే ముందురోజు ఏ మూట విప్పారో తెలిసిపోయేది.

బీటరు నడిపే ఆయన నాకంటే పెద్దవాడు, అందరికీ మామ. తెల్లకాగితం అంటే ఆయనకు ప్రాణం. నలుసంత మచ్చ కనిపించినా ఆ రోజు అన్నం సయించేది కాదు. ఏరే ఆడవాళ్ళకు పెద్దదిక్కు ఒకామె ఉండేది. ఆమెదీ మా ఊరే. ఆమె తల్లి మా పొలాల్లో నాట్లు వేసింది. కార్ఖానాలో అందరికీ నేను సార్‌ని, ఆమెకు మాత్రం చిన్నయ్యను. ఆ పిలుపు నాకు ఇష్టమో కష్టమో ఇన్నేళ్ళలో తేల్చుకోలేకపోయాను. ఎవరూ లేనప్పుడు బాగానే ఉండేది. నలుగురిలో వినపడితే, ఏ ఇంటి చిన్నయ్య అని ఎవరైనా అడుగుతారేమోనని బిగుసుకుపోయేవాణ్ణి.

ఒకరోజు పొద్దున ముగ్గురు పిల్లలు వచ్చారు. చెవి మీద పెన్సిల్ పెట్టుకున్న గడ్డం కుర్రాడు, మెడలో కెమెరా వేసుకున్న పొడుగాటి అమ్మాయి, వాళ్ళ వెనక చిన్నగా, నల్లగా, సంచిని వీపుకు కాకుండా గుండెకు తగిలించుకున్న ఇంకో అమ్మాయి. ఊరూరా చేతిపనులు చూస్తూ గీసుకుంటూ తిరుగుతున్నామని, కుమ్మరుల దగ్గర, చాపలు నేసేవాళ్ళ దగ్గర ఉండి వస్తున్నామని, కొన్నాళ్ళు ఇక్కడ కూర్చోనివ్వమని అడిగారు. పనికి అడ్డు రాకూడదని చెప్పి ఒప్పుకున్నాను. తర్వాత నేను ఎవరినో తెలుగులో కేకలేస్తుంటే ఆ చిన్నమ్మాయి నా దగ్గరికి వచ్చింది.

"అంకుల్, మీరు తెలుగాండి? మాది విశాఖ దగ్గరండి."

"తెలుగే. అంకుల్ కాదు."

"మరేటండి?"

"సార్."

బీటరు వెనక నుంచి మామ గొంతు వినిపించింది. "స్కేలును అంకులంటే వంగుతాదా పాపా?"

ఆడవాళ్ళందరూ నవ్వారు. నాకు వినపడలేదన్నట్టు లెక్కలు చూసుకున్నాను.

మిగతా ఇద్దరూ రోజంతా గీస్తూనే ఉండేవారు. గుజ్జు ఎత్తే చేతులు, ఆరేసిన కాగితాలు, కునికిపాట్లు పడే వాచ్‌మన్, ఏదీ వదల్లేదు. విశాఖ అమ్మాయి మాత్రం ఆడవాళ్ళ మధ్య కూర్చొని పీలికలు ఏరేది, మామతో కబుర్లాడేది. పెన్సిల్ ముట్టేది కాదు. మీ స్నేహితురాలికి బొమ్మలు రావా అని గడ్డం కుర్రాణ్ణి అడిగాను. అతను తన పుస్తకం మూసేశాడు. ముగ్గురిలో అసలు చెయ్యి ఆమెదేనట. వాళ్ళమ్మ పోయినప్పటి నుంచి ఒక్క గీత గీయలేదట. చెయ్యి కదులుతుందేమోనని ఆమె కోసమే ఈ ప్రయాణం పెట్టుకున్నారట. "ఆ సంచిలో ఒకటుంది సార్. మీ దగ్గరికి వచ్చింది దాని కోసమే. అడగడానికి మీరంటే భయం" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆమె సంచి తెరిచింది. లోపల ఒక నూలు చీర, వంగపండు రంగుది. ఉతికి ఉతికి వెలిసింది, పసుపు అంచు మాత్రం గట్టిగా ఉంది.

"మా అమ్మదండి. బడిలో పిల్లలకి వంట చేసేది. దీన్ని కాగితం చేసిస్తారాండి? గీస్తే దానిమీదే గీస్తాను. లేపోతే ఇంక గీయలేనేమోనండి."

"వాడిన బట్ట మా తొట్టిలోకి రాదు" అన్నాను. అది నిజమే. మోచేతుల దాకా చేతులు ముంచి పనిచేసేవాళ్ళం, ఎవరి ఒంటి మీది బట్టో తెలియకుండా వేయం. అందులోనూ పోయినవాళ్ళది. అదంతా ఆమెకు చెప్పలేక "రూలు" అని ఊరుకున్నాను.

ఆమె చీర మడత పెట్టసాగింది. అప్పుడు పెద్దామె లేచి వచ్చి చీరను చేతిలోకి తీసుకుంది. కొంగు దగ్గర పసుపు మరకలు, నూనె మరకలు ఉన్నాయి.

"ఏంది పాపా ఇది?"

"చేతులు దీనికే తుడుచుకునేదండి. ఎన్నిసార్లు తిట్టానో."

పెద్దామె చీరను ముక్కు దగ్గర పెట్టుకుంది. "పోపు వాసన ఉండాదింకా" అని నా వైపు తిరిగింది. "అమ్మ చీరకు మైల యాడిది చిన్నయ్యా? నేను ఏరతా. ముట్టేది నా చెయ్యేగదా."

అందరూ స్కేలును చూస్తున్నారు.

"చిన్న బీటరులో, విడిగా" అన్నాను.

మామ ఆ పని తనదేనని ముందుకొచ్చాడు. ఆ సాయంత్రం పెద్దామె అంచులు కోసి చీరను చిన్న ముక్కలు చేసింది. ఆ పిల్ల చివరి ముక్క దాకా పక్కనే కూర్చొని, ముక్కల బుట్టను మామ చేతుల్లో పెట్టి, "బాగా చెయ్యండి మామా" అంది. "నా కూతురికి చేసినట్టు చేస్తా పాపా, ఫో, ఫోయి అన్నం తిను" అన్నాడు మామ.

రంగు మాట ఎవరూ ఎత్తలేదు. అది చెప్పవలసిన సంగతని ఆ పిల్లకు అనిపించలేదు, అడగవలసిన సంగతని మామకు అనిపించలేదు. పిల్లలూ, ఊళ్ళు తిరిగి పనివాళ్ళ దగ్గర కూర్చునేటప్పుడు, మీకు అన్నిటికంటే బాగా తెలిసిన సంగతినే ముందు నోరు విప్పి చెప్పండి. ఎవరి మనసులో వాళ్ళకు అది ఎంత స్పష్టంగా ఉంటుందంటే, ఎదుటివాడికి కనపడటం లేదని తోచనే తోచదు.

మర్నాడు వాళ్ళకు పుదుచ్చేరిలో ఆఖరి రోజు. సాయంత్రం బస్సుకు తంజావూరు వెళ్ళిపోతారు. ఆ పిల్ల అందరికంటే ముందే వచ్చి, జుట్టు ముడేసుకొని, చేతులు పైకి మడిచి నిలబడింది. మామ చిన్న తొట్టి మీది మూత తీశాడు. లోపల గుజ్జు తెల్లగా ఉంది. మా కార్ఖానాలో అంత తెలుపు నేనూ ఎప్పుడూ చూడలేదు.

"చూడు పాపా. పాల మాదిరి వచ్చింది."

ఆమె తొట్టిలోకి చూస్తూ ఉండిపోయింది. "ఇది మా అమ్మదేనా మామా?"

"మీ అమ్మదే. యెన్ని మరకలో తెల్సునా? రాత్రంతా తెల్లమందులో నానేసినా. ఇప్పుడు యెతుకు, ఒక్క మరక గూడా దొరకదు. పెద్ద ఆర్టిస్టువి, నీకు మరక కాగితం ఇస్తామా?"

ఆయన ముఖం వెలిగిపోతోంది. ఆ పిల్ల ఆ ముఖాన్ని చూసింది. నోటిదాకా వచ్చిన మాటను ఆమె మింగడం నేను చూశాను. "చాలా బాగుంది మామా" అంది. అని, మెల్లగా నడిచి పెరటి తలుపు దాటి వెళ్ళిపోయింది.

"ఏంది సార్, పాపకు నచ్చలేదా?" అని మామ నన్ను అడిగాడు.

అబద్ధం చెప్పవచ్చు. కాని పనివాడికి తన పని గురించి అబద్ధం చెప్పకూడదు. "ఆ రంగూ ఆ మరకలే మామా, ఆ పిల్లకు కావలసింది" అన్నాను.

ఆయన తొట్టి గట్టు మీద కూర్చుండిపోయాడు. చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. "నేను మంచిదే చేస్తాండా అనుకున్నా సార్" అన్నాడు. ఆయన మీద కోపగించగల మనిషి ఆ కార్ఖానాలో ఎవరూ లేరు.

నేను పెరట్లోకి వెళ్ళాను. ఆ పిల్ల మెట్టు మీద కూర్చొని ఖాళీ సంచిని ఒళ్ళో పెట్టుకొని ఉంది. ఏడవడం లేదు. ఓదార్చడం నాకు చేతకాదు. మా ఇంట్లో అది ఎవరూ నేర్పలేదు. ఇస్త్రీ ప్యాంటుతోనే ఆ మెట్టు మీద కూర్చున్నాను. అంతకుముందు నేను అక్కడ కూర్చోవడం ఎవరూ చూసి ఉండరు. ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పాను.

"మా అమ్మకు పట్టుచీరలు ఉండేవి. మాకు రోజులు బాగా లేనప్పుడు జరీ కొనేవాళ్ళను పిలిపించారు. వాళ్ళు అంచులూ కొంగులూ కోసి పెరట్లో కుప్ప పోసి కాల్చారు. బూడిదలో మిగిలిన వెండి తీసుకుపోయారు. మిగతా చీర మా అమ్మకు వదిలేశారు."

ఆ పిల్ల నా వైపు తిరిగింది. "వాటిని ఏం చేశారండి?"

"ఏం చేస్తుంది, కొసలు మడిచి కుట్టి కట్టుకునేది. పెళ్ళిళ్ళకు కూడా అవే. అంచులేని పట్టుచీర ఎక్కడైనా చూశావా? తల ఎత్తుకునే నడిచేది. పక్కన నడిచే నాకే సిగ్గు. జనం చూస్తున్నారని."

"చూసేవాళ్ళం చిన్నయ్యా."

వెనక గడపలో పెద్దామె గొంతు. ఎప్పుడు వచ్చిందో తెలియదు. నేను తిరగలేదు.

"నేను చిన్నబిడ్డను, మా అమ్మ పక్కన నాట్లేస్తాంటి. మీయమ్మ ఆ చీర కట్టుకొని గట్టు మీద వస్తాంటే కయ్యల్లో వంగినోళ్ళంతా లేచి నిలబడినారు. నేనెందుకు లేవాలని అడిగితే మా అమ్మ మొట్టికాయ పెట్టింది. నగలేసుకొని వచ్చే కాలంలో గూడా ఆయమ్మకు అట్ల లేవలేదంట జనం."

ఇన్నేళ్ళు ఎవరికీ తెలియదనుకుని నేను మోసిన సంగతి ఊరంతటికీ తెలుసు. తెలిసి లేచి నిలబడ్డారు. కళ్ళు తుడుచుకోవడం ఎవరికీ కనపడకుండా ముఖం తిప్పితే ఆమె వైపే తిరిగినట్టయింది. ఆమె తలగుడ్డ మీద పట్టీ ఉంది. పసుపు రంగుది.

ఆ పిల్ల కూడా అదే చూస్తోంది.

"అత్తా, అది..."

పెద్దామె తల తడుముకుంది. "అయ్యో, ఇది మీ అమ్మదే పాపా. అంచు మాకేగదా, వాడిక. కోసిందాన్ని పొద్దున కట్టుకొని వచ్చేసినా. ఉండు, ఇచ్చేస్తా."

"తీయొద్దు. తీయొద్దత్తా, అలాగే ఉండండి." ఆమె లేచి నిలబడింది. లోపలికి పోయి గడ్డం కుర్రాడి చెవి మీది పెన్సిల్ లాగింది. అతను తన పుస్తకం అందించబోతే తల అడ్డంగా ఊపింది. "అమ్మ కాగితమే కావాలి" అంది. తొట్టి దగ్గర తల వంచుకొని కూర్చున్న మామ ముందు నిలబడి, "మామా, చట్రం పట్టడం నాకు రాదు. మీరూ చెయ్యి వెయ్యండి" అంది.

చట్రానికి అటు ఆమె, ఇటు మామ. ముంచి, ఎత్తి, అటూ ఇటూ ఊపి, నీళ్ళు జారనిచ్చారు. మామ చట్రాన్ని కాక ఆ పిల్ల ముఖాన్నే చూస్తున్నాడు. తొలి కాగితం ఒక పక్క పలచబడింది. మామూలుగా అయితే దాన్ని మళ్ళీ తొట్టిలో కలిపేయమనేవాణ్ణి. ఆ రోజు అనలేదు. గుజ్జు అయిపోయేదాకా ఇద్దరూ ఒకదాని తర్వాత ఒకటి కాగితాలు ఎత్తారు.

నొక్కి, నీడలో ఆరబెట్టి, పాలిష్ పట్టి, అంచులు కోసేదాకా కాగితం బయటికి వెళ్ళదు. దానికి రోజులు పడతాయి. వాళ్ళ బస్సు సాయంత్రానికే. "డాబా మీద రేకుకు అతికించండి" అన్నాను. మా ఊరి ఎండ మధ్యాహ్నానికల్లా వాటిని ఆరగొట్టింది. అప్పడాల్లాగా వంకర తిరిగాయి. స్కేలు తెమ్మంటారా అని ఒకరు అడిగితే వద్దన్నాను. నా ఉద్యోగంలో పాలిష్ లేకుండా, అంచులు కోయకుండా గేటు దాటిన కాగితాలు అవే.

పెద్దామెను పీలికల మూట మీద కూర్చోబెట్టారు. చుట్టూ ఆడవాళ్ళు చేరారు.

"అక్కకు పెళ్ళిచూపులు."

"కదలొద్దక్కా, మూతి వంకర పోతాది."

"పోతే పోనీలేవే, ఉండేది యేమన్నా నేరుగా ఉందా" అని పెద్దామె పెదవులు కదపకుండా అంది.

ఆ పిల్ల పెన్సిల్ కాగితం మీద ఆనించి చాలాసేపు అలాగే ఉంది. కెమెరా అమ్మాయి ఫోటో తీయడం మానేసింది. మొదటి గీత పడింది, నుదుటిది. తర్వాత చెయ్యి ఆగలేదు.

ముఖం మీద ముడతలన్నీ వచ్చాయి, ముక్కుపుడక వచ్చింది, వెనక మూటల నీడ వచ్చింది. తలగుడ్డను చిక్కగా నలుపు చేసింది. దాని మీది పట్టీని మాత్రం ముట్టలేదు. అక్కడ ఉత్త కాగితమే, తెల్లగా.

"అంచు మరిచిపోయినావే పాపా" అని ఒకామె అంది.

"మరిచిపోలేదండి. అది అమ్మ. దానిమీద ఏం గీస్తాను?"

మామ అప్పటిదాకా దూరంగా ఉన్నాడు. దగ్గరికి వచ్చి, వంగి చూశాడు. "నేను తెల్లగా చేయకుంటే ఆ అంచు యాడ కనపడేది?" అన్నాడు.

ఆ పిల్ల నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆయన చెయ్యి పట్టుకొని వదల్లేదు.

వెళ్ళేటప్పుడు పెద్దామె పట్టీ విప్పి, నిలువునా చింపి ఒక సగం ఆమె చేతిలో పెట్టింది. మిగిలిన కాగితాల చుట్టను ఆ పిల్ల దానితోనే కట్టుకుంది. గేటు దగ్గర ఆగి, "వెళ్ళొస్తాను... సార్ అనాలి కదాండి?" అంది.

"నీ ఇష్టం."

"అయితే వెళ్ళొస్తాను బాబాయ్."

తర్వాత ఆమె ఏమేం గీసిందో నాకు తెలియదు. చేతికాగితం మీద గీసేవాళ్ళ వెనక నేను ఆగేది అందుకే.

నేను రిటైరైన రోజు పొద్దున ఎప్పటిలాగే నా బల్ల దగ్గర కూర్చున్నాను. ఆడవాళ్ళు పనిలోకి వస్తున్నారు. చివరగా పెద్దామె వచ్చింది. తలకు ఆ చీర అంచు పట్టీ ఉంది, రంగు వెలిసి గంధంలాగా అయింది. ఆమె నా బల్ల ముందు నుంచి వెళ్తుంటే నేను లేచి నిలబడ్డాను.

ఆమె ఆగి, నన్నూ నా కుర్చీనీ మార్చి మార్చి చూసింది.

"ఏంది చిన్నయ్యా, కుర్చీలో నల్లులున్నాయా?"

"ఉన్నాయి" అన్నాను. ఆమె లోపలికి వెళ్ళేదాకా కూర్చోలేదు.